మెట్ల మీద జారిపోయే మోకాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకదానిని పక్కన పెట్టలేకపోయాము. రాయలసీమలోని ఒక చిన్న పట్టణం నుండి ఒక తల్లి రాసిన ఉత్తరమది. ఆమె కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతోంది, కళాశాల కబడ్డీ జట్టులో ఆడుతుంది. మే నెలలో వేసవి శిక్షణ శిబిరంలో కూతకు వెళ్ళి, వెనుదిరిగే ప్రయత్నంలో ఒక్కసారిగా పక్కకు మళ్ళి పడిపోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తాకలేదు. మోకాలి లోపల ఏదో టప్పున తెగిన చప్పుడు తనకు వినిపించిందట. సాయంత్రానికి మోకాలు కుండలా వాచింది.

ఎక్స్‌రే తీయించారు. ఎముకలన్నీ బాగున్నాయన్నారు. ఆ తరువాత కట్టు కట్టే ఒక పెద్దాయన దగ్గరకు మూడుసార్లు తీసుకువెళ్ళారు. నూనె మర్దన జరిగింది, ఆకు పసరుతో కట్లు పడ్డాయి. మూడు వారాలకు వాపు తగ్గింది. అమ్మాయి నడిచింది. ఇంట్లో అందరూ అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకున్నారు. అయితే మేడ మెట్లు దిగుతున్నప్పుడు, బిందెతో పక్కకు తిరిగినప్పుడు మోకాలు ఉన్నట్టుండి జారిపోవడం మొదలైంది. చివరకు కర్నూలు వెళ్ళి ఎమ్మారై తీయిస్తే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిందనీ, మెనిస్కస్ అంచు కూడా చీలిందనీ, ఆపరేషన్ అవసరమనీ వైద్యుడు చెప్పారు.

ఇప్పుడు ఇల్లు రెండుగా చీలింది. ఆట మానేస్తే ఆపరేషన్ ఎందుకని తండ్రి. సంబంధాలు చూస్తున్న వేళ ఆడపిల్ల కాలికి కోత పడిందని నలుగురికీ తెలిస్తే ఎలా అని నాయనమ్మ. మేము ఏమి చేయాలో చెప్పండని తల్లి. ఉత్తరం అడుగున వేరే చేతిరాతలో ఒక వాక్యం ఉంది: ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలు ఉన్నాయి, అప్పటికి ఆడగలనా?

సోదరీ, మీ అమ్మాయి మోకాలిని మేము చూడలేదు. చూసిన వైద్యుని మాటను కాదనే అధికారం మాకు లేదు. ఆయన చెప్పినదాని వెనుక ఉన్న విషయాన్ని వివరించగలము, ఆయనను అడగవలసిన ప్రశ్నలను అందించగలము.

తొడ ఎముక, దాని కింది కాలి ఎముక కలిసే చోట, కీలు నడిమధ్యన రెండు లిగమెంట్లు కత్తెర ఆకారంలో ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. ముందున్నదే ఏసీఎల్. చిటికెన వేలంత మందం కూడా లేని ఈ పట్టీ కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. పరుగు మధ్యలో ఆగి దిశ మార్చినప్పుడు, ఎగిరి ఒంటికాలిపై దిగినప్పుడు దానిపై భారమంతా పడుతుంది. ఇలాంటి గాయాలలో అత్యధికం ఎదుటివారి తాకిడి లేకుండానే జరుగుతాయి. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలలో ఇవి రెండు మూడు రెట్లు ఎక్కువ. మీ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు.

ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు. అందుకే ‘ఎముకలు బాగున్నాయి’ అన్న మాట నిజమే అయినా, ఆ మాటతో ఎన్నో ఇళ్ళు మోసపోతున్నాయి. గాయమైన కొన్ని గంటల్లోనే మోకాలు బాగా వాచిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. అనుభవమున్న ఎముకల వైద్యుడు మోకాలిని కొద్దిగా వంచి, కింది ఎముకను చేత్తో ముందుకు లాగి చూసి చాలాసార్లు ఎమ్మారైకి ముందే విషయం గ్రహిస్తారు.

కట్టు కట్టే విద్యను మేము చులకన చేయము. పుత్తూరు కట్టు పేరు తెలియని కుటుంబం మన రెండు రాష్ట్రాలలోనూ అరుదు. వెయ్యేళ్ళ క్రితం కార్డోబాలో జీవించిన అల్ జహ్రావీ తన వైద్య గ్రంథం ముప్పయ్యవ భాగంలో శస్త్రచికిత్సతో పాటు విరిగిన ఎముకలకు, తొలగిన కీళ్ళకు విడిగా చోటు కేటాయించాడు. విరిగిన ఎముకను సరిగా కూర్చి కదలకుండా ఉంచితే అది అతుకుతుంది. ఏసీఎల్ సంగతి వేరు. అది కీలులోని ద్రవంలో మునిగి ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు, కనుక అతుకుకు పునాదే పడదు. పూర్తిగా తెగినప్పుడు పై నుండి ఎంత గట్టిగా కట్టినా అది సాధారణంగా మునుపటిలా అతకదు. పైగా తాజా వాపు మీద మర్దన చేస్తే లోపలి రక్తస్రావం పెరగవచ్చు. ఆ పెద్దాయన మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. ఆయన చేతికి అందనిది తెగింది.

తెగినదాన్ని కుట్టే ప్రయత్నం వైద్యులు చేయకపోలేదు. 1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక గని కార్మికుని మోకాలిలో ఆ కొసలను కుట్టారు. అనంతర కాలంలో కుట్లు చాలామందిలో నిలవవని తేలింది. 1917లో హే గ్రోవ్స్ అనే మరొక సర్జన్ రోగి తొడ పక్కనున్న పట్టీనుండే ఒక పీలికను తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. నేటి శస్త్రచికిత్సకు మూలం ఆ ఆలోచనే. మోకాలిని బారుగా కోయకుండా సన్నని గొట్టంతో లోపల చూసే పద్ధతిని జపాన్ వైద్యులు తీర్చిదిద్దారు. 1918లో కెంజి టకాగి మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టాన్ని మోకాలిలోకి పంపి చూశారు. ఆయన శిష్యుడు మసాకి వతనాబె 1950ల చివరినాటికి నిజంగా పనికివచ్చే ఆర్థ్రోస్కోప్‌ను తయారు చేశారు. అమెరికాలోని బోస్టన్‌లో మార్తా మర్రే బృందం, తెగిన కొసల మధ్య రక్తాన్ని పట్టి ఉంచే స్పాంజివంటి వస్తువును రూపొందించి, రోగి సొంత లిగమెంటే తిరిగి అతికేలా చేసే పద్ధతిని అభివృద్ధి చేసింది. దానికి 2020 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ అనుమతి లభించింది. అది గాయమైన తొలి వారాలకు ఉద్దేశించినది కనుక మీ అమ్మాయి విషయంలో దాని ప్రసక్తి లేదు.

ఇక తండ్రి వాదన. అది తోసిపుచ్చదగినది కాదు. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువతీయువకులపై జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం 2010లో వెలువడింది. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేసి వ్యాయామ చికిత్స ఇచ్చారు. మిగిలిన సగానికి ముందు వ్యాయామ చికిత్స మాత్రమే ఇచ్చి, మోకాలు నిలకడగా లేకపోతే ఆపరేషన్ చేశారు. రెండేళ్ళ తరువాత రెండు వర్గాల బాగోగులలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. రెండవ వర్గంలోని 59 మందిలో 23 మందికి మాత్రమే ఆ లోపల ఆపరేషన్ అవసరమైంది. ఐదేళ్ళకు ఆ సంఖ్య సుమారు సగానికి చేరింది. ఏసీఎల్ తెగిన ప్రతివారికీ కత్తి తప్పదనడం సరికాదన్నమాట.

అయితే ఆ స్వీడన్ వారు చేసినది వారాల తరబడి శిక్షకుల పర్యవేక్షణలో కష్టమైన వ్యాయామం. మీ అమ్మాయికి ఇంతవరకు అందినది విశ్రాంతి, కట్టు మాత్రమే. రెండవది, ఆమె మోకాలు మైదానంలో కాదు, ఇంటి మెట్ల మీదే జారుతోంది. జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తల్లా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. ఇప్పటికే దాని అంచు చీలింది. ఆ మెత్త పోతే నలభై ఏళ్ళు దాటకుండానే కీలు అరిగే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి వైద్యుణ్ణి మొదట అడగవలసినది ఇది: చీలిన మెనిస్కస్‌ను కుట్టడానికి వీలుందా? వీలుంటే ఆలస్యం తగదు, లిగమెంట్‌ను కూడా అదే సమయంలో అమర్చడం మంచిదని ఆయన చెప్పే అవకాశం ఎక్కువ. ఆట మానినా మెట్లు మానలేము గదా.

రెండవ ప్రశ్న మన ఇళ్ళకు ప్రత్యేకమైనది, చాలామంది అడగరు. కొత్త లిగమెంట్ కోసం శరీరంలో ఎక్కడి పట్టీని తీస్తారు? తొడ వెనుక కండరాల చివర్లనుండి తీయవచ్చు, మోకాలిచిప్ప కింది పట్టీనుండి తీయవచ్చు, చిప్ప పైనున్న పట్టీనుండీ తీయవచ్చు. చిప్ప కింది పట్టీ గట్టిది, ఎముక ముక్కలతో సహా వస్తుంది, ఎందరో క్రీడాకారులకు దానినే వాడతారు. కానీ తీసిన చోట నొప్పి మిగిలి, మోకాళ్ళ మీద ఆనడం కష్టమయ్యే అవకాశం దానిలో ఎక్కువ. రోజుకు ఐదు పూటలు సజ్దాలోకి వెళ్ళి లేచే మనిషికి, నేల మీద కూర్చుని భోంచేసే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ‘మా అమ్మాయి నమాజు చేస్తుంది, మోకాళ్ళ మీద ఆనాలి, పూర్తిగా మడవాలి’ అని సర్జన్‌తో ముందుగానే చెప్పండి. చెప్పకపోతే ఆయనకు తట్టకపోవచ్చు. ఆపరేషన్ తరువాత కొన్ని నెలలు కుర్చీలో కూర్చునే నమాజు చేయవలసి ఉంటుంది. నిలబడలేనివారికి కూర్చుని, కూర్చోలేనివారికి పడుకుని చేసే వెసులుబాటు దైవప్రవక్త (స) బోధలోనే ఉంది. పట్టుదలతో కాలు మడవవద్దని అమ్మాయికి ఇంట్లో పెద్దలే చెప్పాలి.

మోకాలి కింద పక్కగా కొంత మేర స్పర్శ తెలియకపోవడం ఈ ఆపరేషన్ తరువాత సాధారణం. చూసి భయపడవద్దు.

పాతరోజుల్లో ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు పిండికట్టు వేసి ఉంచేవారు. కాలు కొయ్యబారిపోయేది. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో షెల్బోర్న్ అనే సర్జన్ ఒక వింత గమనించారు. ఆయన చెప్పిన ఆంక్షలు పాటించక, ముందే కాలు కదిలించి నడిచిన రోగులే మెరుగ్గా కోలుకుంటున్నారు! వారి మాట వినకపోవడం నుండి ఆయన పాఠం నేర్చుకుని 1990లో త్వరిత వ్యాయామ పద్ధతిని ప్రకటించారు. వైద్యులలో ఇంతటి వినయం మాకెంతో నచ్చుతుంది. గాయానికి విశ్రాంతి, మంచు అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా 2014లో, మంచు నొప్పిని తగ్గించినా మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తానే రాశారు.

ఇప్పుడు తొలిరోజు నుండే కాలిని పూర్తిగా చాపడం, తొడ ముందు కండరాన్ని బిగించడం మొదలవుతుంది. మెనిస్కస్ కుట్టినవారికి భారం మోపడంలోనూ మడవడంలోనూ కొన్ని వారాల ఆంక్షలు అదనంగా ఉంటాయి. ఇక్కడొక మోసపూరితమైన దశ వస్తుంది. రెండు మూడు నెలలకు నొప్పి పోతుంది, నడక మామూలవుతుంది, అమ్మాయి పరుగెత్తాలనుకుంటుంది. సరిగ్గా అప్పుడే లోపలి పట్టీ మిక్కిలి బలహీనంగా ఉంటుంది. అమర్చిన పట్టీ మొదట జీవం కోల్పోయినట్టుగా మారి, తిరిగి రక్తనాళాలు పాకి, క్రమంగా లిగమెంట్‌గా రూపుదిద్దుకుంటుంది. ఇందుకు ఏడాదికి పైగా పడుతుంది. నార్వేలో జరిపిన పరిశీలనలో, తొమ్మిదవ నెల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలికి మళ్ళీ గాయమయ్యే అవకాశం సగానికి సగం తగ్గుతూ వచ్చింది. నెలలు నిండితే చాలదు. గాయపడిన కాలితో ఒంటికాలి గెంతు, తొడ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం నూటికి తొంభై వంతులైనా ఉండాలి. ఇది కొలిచి చూసే ఫిజియోథెరపిస్టును ఆపరేషన్‌కు ముందే వెతుక్కోండి. మహిళా ఫిజియోథెరపిస్టు కావాలనుకుంటే ఆ మాట మొహమాటం లేకుండా ఆస్పత్రిలో అడగండి. ఖర్చు విషయంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ఆస్పత్రిలో అడగండి. రమజాన్ వస్తే వ్యాయామాన్ని ఇఫ్తార్ తరువాతకు మార్చుకోవచ్చు, మానవలసిన పనిలేదు.

నాయనమ్మగారికి ఒక మాట. తొడ వెనుక పట్టీ తీస్తే మోకాలి కింద రెండు మూడు అంగుళాలకు మించని గీత, చుట్టూ రెండు మూడు చిన్న చుక్కలు మిగులుతాయి. దానివల్ల ఇంటి పనికి, కాన్పుకు, నడకకు లోటు రాదు. చికిత్స చేయించని మోకాలు పదిహేనేళ్ళకు కుంటడం మొదలుపెడితే దాన్ని దాచడానికి ఏ దుప్పట్టా సరిపోదు. అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచిపెట్టి చేసిన సంబంధంలో మొదటి పేచీ ఆ గీత దగ్గరే మొదలవుతుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజం గాయమై శస్త్రచికిత్స జరిగింది, సుమారు ఏడాదిపాటు బాక్సింగ్‌కు దూరమైంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది, మరుసటి సంవత్సరం ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. అందరికీ అలా జరుగుతుందని చెప్పలేము. తిరిగి ఆడినవారిలో కొందరికి అదే కాలు, మరికొందరికి రెండవ కాలు దెబ్బతిన్న ఉదంతాలు చాలా ఉన్నాయి.

కళాశాల శిక్షకులకూ ఒక మనవి. ఫుట్‌బాల్ కోసం రూపొందించిన ‘ఫిఫా 11+’ అనే ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాన్ని నార్వేలో పదమూడు నుండి పదిహేడేళ్ళ బాలికలతో చేయించినప్పుడు మొత్తం గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా వంచి దిగడం, ఒంటికాలిపై నిలకడ, తొడ వెనుక కండరాల బలం అందులో ముఖ్యం. పరికరాలేమీ అక్కరలేదు. కబడ్డీ కోర్టు పక్కన కూడా చేయించవచ్చు.

చివరగా, ఉత్తరం అడుగున రాసిన అమ్మాయికి. తల్లీ, నీవు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతున్నాము. వచ్చే నెలలో ఆపరేషన్ జరిగినా తొమ్మిది నెలలు నిండేసరికి జూన్ అవుతుంది. ఫిబ్రవరి ఎంపికలకు వెళ్ళవద్దు. శిక్షకుడు పిలిచినా, నడవగలుగుతున్నావని స్నేహితురాళ్ళు అన్నా వెళ్ళవద్దు. నీకింకా డిగ్రీ మూడవ సంవత్సరం ఉంది. జూన్‌లో గెంతు పరీక్ష ఫలితం చేతికొచ్చాక మాకు మళ్ళీ రాయి.