శస్త్రవైద్యము - తెరచదువు

బుక్కరాయసముద్రము పొలములలో యంత్రమున వ్రేళ్లు నలిగిన కూలీని బంధువులు సాధారణముగా తీసికొనిపోవునది ప్రక్కనున్న అనంతపురము ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు. అచ్చట ఆ గాయమును కుట్టునది పెక్కుమారులు శిక్షణలోనున్న యువవైద్యుడు. అనంతపురమున 2000వ సంవత్సరమున ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. ఆ వైద్యశాలయే దాని విద్యార్థులకు పాఠశాల. కావున ఆ యువకుడు సూది పట్టుట ఎట్లు నేర్చెనన్నది వైద్యులు తమలో తాము తేల్చుకొనవలసిన విషయము మాత్రమే కాదు; ఆ కూలీకిని అందు పాలు కలదు.

2020 మార్చిలో కరోనా కారణముగా కళాశాలలు మూతపడగా వైద్యబోధ తెరమీదికి ఎక్కెను. అత్యవసరము కాని శస్త్రచికిత్సలు వాయిదా పడినవి. కత్తి పట్ట నేర్వవలసిన విద్యార్థులు పలువురు కోవిడ్ వార్డులలో కాపు కాసిరి. పాఠములు జూమ్‌లో వినిరి. ఆ కాలమున పలుదేశములందు శస్త్రవిభాగ విద్యార్థుల అభిప్రాయములను సేకరించిరి. దేశములు వేరైనను మాటలలో పోలిక కానవచ్చును. ఉపన్యాసమునకును, రోగచరిత్రల చర్చకును తెర చాలునని, కొన్నియెడల తరగతికంటె మేలనియు వారనిరి. చేతిపనికి మాత్రము అది బదులు కాజాలదనిరి. ఈ తీర్పు న్యాయమైనది.

తెరను చిన్నచూపు చూచుట తగదు. పొట్ట కోసి చేయు శస్త్రచికిత్సలో వెనుక నిలిచిన విద్యార్థికి కనబడునది తరచుగా గురువుల వీపు. లాపరోస్కోపీలోనన్ననో శస్త్రవైద్యుడు తానే తెరను చూచుచు పని సాగించును. ఆయన చూచినదానినే విద్యార్థియు చూచును. అనంతపురములోనున్నవాడు బెంగుళూరు నిపుణుని పనిని చూడవచ్చును, అర్థము కాని ఘట్టమును పదిసార్లు త్రిప్పి చూడవచ్చును. రాత్రి విధులు ముగించి ఉదయపు తరగతిలో కునుకు తీయువానికి ఇది చిన్న మేలు కాదు.

అయినను దారము నెంత బిగింపవలెను, ఏ కండ యెంత లాగిన చినుగును అన్నది కన్ను నేర్పదు. బుక్కరాయల పేరు మోయుచున్న ఆ ఊరి చెరువులో నీరున్న యేట పిల్లలు ఈతను గట్టుమీద కూర్చుండి నేర్వరు. ప్రయోగమును బొమ్మలో చూపి పాఠము ముగింపవలసివచ్చిన బడిపంతుళ్లకును ఈ లోటు తెలియనిది కాదు. స్నాతకోత్తర విద్యార్థి తన లాగ్‌బుక్కులో చూచినవి, తోడ్పడినవి, స్వయముగా చేసినవి అని వేరుపరచి వ్రాయుట ఇందులకే. తెర నింపగలది మొదటిదానిని మాత్రమే.

ఈ సంగతి సుశ్రుతునకు తెలియును. సుశ్రుతసంహిత సూత్రస్థానమున అభ్యాసమునకు ఒక అధ్యాయమే కలదు. ఛేదనమును గుమ్మడి, సొర, దోస కాయలమీద. సిరను గ్రుచ్చుటను చచ్చిన జంతువుల సిరలమీదను తామరతూండ్లమీదను. కుట్టుటను బట్టమీద, మెత్తని తోలుమీద. కట్టు కట్టుటను మనుష్యాకృతిగల బొమ్మమీద సాధన చేయవలెనని అందు విధించినారు. శాస్త్రమంతయు చదివినను అభ్యాసము లేనివాడు చికిత్సకు అనర్హుడని ఆ గ్రంథము నిర్ణయము. తెరకును రోగికిని నడుమ ఆ సొరకాయ యుండవలెను! అది లేనిచో విద్యార్థి మొదటి పొరపాటును భరించునది బీదవాని దేహము. కలవాడు పేరుగన్న వైద్యుని వెదకుకొనుచు బెంగుళూరు పోగలడు.

వైద్యకళాశాలలలో నైపుణ్యశిక్షణశాల యుండవలెనని జాతీయ వైద్య కమిషన్ నియమము. గది యుండుట వేరు. అందు విద్యార్థి చేయి పట్టి ముడి సరిదిద్దు గురువుండుట వేరు. తెర చవుక, గురువు ఖరీదు. పాఠము తెరమీద నున్నది గదా యని అధ్యాపకుల ఖాళీలను నింపకుండు బుద్ధి పాలకులకు పుట్టవచ్చును. విద్యార్థులు తెరను మెచ్చిరన్న మాటను అందుకు సాక్ష్యముగా చూపినచో వారి మాటను సగము త్రుంచినట్లే. ఉపన్యాసము తెరకెక్కుటవలన గురువునకు మిగులు గంటలను ఆ గదికిని శస్త్రశాలకును కేటాయింపవలెను. గురువు ఎదుట విద్యార్థి ఎన్ని ముడులు వేసెనో, అందు ఎన్ని నిలిచెనో దినదినము వ్రాసి యుంచవలెను.