ఆరోగ్య విషయములు: తలలో పేలు

తోట లైనిండ్లలో ఆడపిల్ల తలలో పేలు కనబడినచో తల్లి సిగ్గుపడి, తల గొరిగించుటయో, కిరసనాయిలు పూయుటయో కలదు. గొరిగించుట అనవసరము, పిల్ల బడికి పోనని యేడ్చును. కిరసనాయిలు మాడును పొక్కించును. పొయ్యిదగ్గర కూర్చున్న పిల్లకు ప్రాణాపాయము.

పేను మురికివలన పుట్టదు. తలంటుకొనిన పిల్లకును పట్టును. అది యెగురలేదు, దుమకలేదు. ఒక తల మరియొక తలకు తగిలినపుడు ప్రాకిపోవును. ఒకే చాపమీద నలుగురు పండుకొనుచోట తల్లి తప్పేమున్నది? తలను విడిచిన పేను రెండు దినములలో చచ్చును.

ఈరు, అనగా పేనుగ్రుడ్డు, సంగతి వేరు. ఆడుపేను దానిని మాడునకు దగ్గరగా వెండ్రుకకు జిగురుతో అంటించును. కావున నీళ్లతో కడిగిన రాదు. 7 మొదలు 10 దినములలో అది పగిలి పిల్లపేను వచ్చును. అందుచేత ఒకనాటి దువ్వుడుతో పని తీరదు. తల బాగుగా తడిపి (తడితలలో పేను పరుగెత్తజాలదు), నూనె రాచి, పాయలు విడదీసి, ఈరుబానతో కుదుళ్లనుండి కొనవరకు మూడు దినముల కొకమారు, రెండు వారములకు తక్కువ కాకుండ దువ్వవలెను. ఇంటిలో నందరి తలలును అదే దినమున చూడవలెను.

వెండ్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును గనుక, మాడునకు దూరముగా కనబడు ఈరు చాలవరకు వట్టి పెంకే. గోకుటవలన పుండై చీము పట్టినచో పిల్లను వైద్యశాలకు తీసికొనిపోవలెను.