విమానం టికెట్ కొన్నోనికేనా ఓటు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఓట్లు వచ్చినప్పుడల్లా నాయకులు మన వాడలకు, తండాలకు వస్తరు. ముసలోళ్ళకు దండం పెడతరు. కానీ బతుకుదెరువు కోసం దుబాయి, మస్కట్, సౌదీ పోయిన పిల్లల ఓటు ఏమైందని అడిగే నాయకుడు ఒక్కడూ లేడు. గల్ఫ్‌కు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచే ఎక్కువ పోతరు, నిజమే. మన దిక్కు నుంచి పోయినోళ్ళు తక్కువైనంత మాత్రాన వాళ్ళ హక్కు తక్కువైతదా?

చట్టం ఏమంటున్నదో చూద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని 2010లో సవరించారు. 2011 నుంచి, విదేశంలో ఉన్న భారత పౌరుడు ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి ఓటరు లిస్టులో పేరు ఎక్కించుకోవచ్చు. అయితే ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టు పట్టుకొని తానే ఊరి పోలింగ్ కేంద్రానికి రావాలె. కఫీల్ సెలవు ఇయ్యాలె, పాస్‌పోర్టు చేతికి ఇయ్యాలె, ఆపైన నెలల జీతం టికెట్‌కు పెట్టాలె. కూలికి పోయినోనికి ఇది అయ్యే పనేనా?

ఫలితం లెక్కల్లోనే ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 1,19,374 మంది ప్రవాసులు లిస్టుకెక్కితే, వచ్చి ఓటేసింది 2,958 మందే. అందులో 2,670 మంది కేరళ వాళ్ళు. మిగతా దేశమంతా కలిపి 288. వరంగల్ లోక్‌సభ సీటు ఎస్సీలకు, మహబూబాబాద్ ఎస్టీలకు రిజర్వు చేసిండ్రు. సీటు మన పేరు మీద ఉంటే సరిపోతదా? ఓటేయాల్సినోడు ఎడారిలో ఇటుకలు మోస్తున్నడు కదా!

సైనికులకు, రాయబార కార్యాలయాల ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. 2016 నుంచి వాళ్ళకు బ్యాలెట్‌ను కంప్యూటర్ ద్వారా పంపే ఏర్పాటు కూడా చేసిండ్రు. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి, పరాయి దేశంలో ఇంటి పని చేసే ఆడోళ్ళకు కూడా అక్కడినుంచే ఓటేసే వీలు కల్పించింది. మన కూలోళ్ళకు మాత్రం ఎందుకు కుదరదు? పోస్టల్ బ్యాలెట్ ఇయ్యొచ్చని ఎన్నికల సంఘం 2020లోనే కేంద్రానికి ప్రతిపాదించింది. 2024 ఎన్నికలు వచ్చిపోయినా అది అమలు కాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రవాసి ఓటును అతని తరఫున ఇంకొకరు వేసే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. 2019లో సభ రద్దయ్యేసరికి అది మురిగిపోయింది. మురిగిపోవుడే నయమైంది. పోయేటప్పుడు అప్పు ఇచ్చినోడు, వీసా తెచ్చిన ఏజెంటు, ఊరి పెద్దమనిషి, వీళ్ళ చేతికి కాయితం పోతే ఓటు ఎవరిదైతది? మనం బూత్‌కు పోకముందే మన ఓట్లు పడిపోయిన రోజులు మన పెద్దలకు యాదికున్నయి. మనకు కావాల్సింది బదులు మనిషి కాదు. బ్యాలెట్ కార్మికుని చేతికే రావాలె.

సంఘం కార్యకర్తలారా! ఈ పక్షంలో ప్రతి వాడలో, ప్రతి తండాలో విదేశం పోయినోళ్ళ పేర్లు రాయండి. ఎవరి పేరు లిస్టులో ఉంది, ఎవరిది కొట్టేసిండ్రు, బీఎల్‌ఓను అడగండి. ఫారం 6ఎ ఫోన్‌లో కూడా నింపొచ్చని పిల్లలకు చెప్పండి. కేరళ వాళ్ళు ముందు పేర్లు ఎక్కించుకున్నరు, అందుకే అక్కడి పార్టీలు వాళ్ళను లెక్కపెడుతున్నయి. మన పేర్లు కూడా ఎక్కాలె. పోస్టల్ బ్యాలెట్ కోసం అడిగే మన గొంతుకు అప్పుడే బలం వస్తది.