గ్రానైట్ హాల్ లో రాక్ వినాలా? స్పీకర్స్ కంటే ముందు రూం మీద ఖర్చు పెట్టండి

ముందే చెప్పేస్తున్నా, ఇది రివ్యూ కాదు. ఏ మోడల్ కి ఎన్ని స్టార్స్ అనేది ఇందులో ఉండదు. హై ఎండ్ స్పీకర్స్ కోసం మూడేళ్ళు డబ్బు దాచి, కొనే వారం ముందు మనసు మార్చుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అభిప్రాయం మాత్రమే.

మాది మదనపల్లె. జాబ్ బెంగళూరు లో, వారంలో మూడు రోజులు ఇంటి నుండే పని. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ లో వాయించినప్పుడు నేను స్కూల్ పిల్లోడిని, వెళ్ళే ఛాన్సే లేదు. అందుకే ఆ సౌండ్ ఇంట్లో కావాలని నా పిచ్చి. బెంగళూరు లో ఒక షోరూం లో రెండున్నర లక్షల టవర్ స్పీకర్స్ డెమో విన్నా. డ్రమ్స్ గుండె మీద కొట్టినట్టు ఉంది. ఫిక్స్ అయిపోయా.

అమ్మ మాత్రం, "ఏందిరా, ఆ రెండు డబ్బాలకి రెండున్నర లక్షలా? అది కడితే ఇంటి లోన్ ఒక ఏడాది తీరిపోతాది కదా" అంది. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

కుప్పం లో ఒకలా, పుంగనూరు లో ఒకలా

లక్కీగా, నేను కొనాలనుకున్న టవర్సే కుప్పం లో మా బావ దగ్గర ఉన్నాయి. కుప్పం అంటే గ్రానైట్ కి పేరు కదా, ఆయన కొత్త ఇంటి హాల్ అంతా అద్దం లాంటి గ్రానైట్. పైన స్లాబ్, ఒక పక్క పెద్ద గాజు కిటికీ. నాకు బాగా తెలిసిన ఆల్బమ్ పెట్టా. షోరూం లో విన్న స్పీకర్ ఇదేనా అనిపించింది. సింబల్స్ చెవిలో గుచ్చుతున్నాయి, బేస్ అంతా ఒకటే మూలుగు, సింగర్ ఏం పాడుతున్నాడో తెలీదు. "సౌండ్ బాగానే ఉండాది గానీ, అరగంటకే తలనొప్పి వస్తాది" అన్నాడు బావ.

తర్వాతి వారం పుంగనూరు లో నా కాలేజ్ ఫ్రెండ్ ఇంటికి వెళ్ళా. పాత మిద్దె ఇల్లు. మందపాటి గోడలు, పైన చెక్క దూలాలు, ఒక మూల పరుపుల గుట్ట, గోడ నిండా పుస్తకాలు, దండెం మీద బట్టలు. స్పీకర్స్ 35 వేల బుక్‌షెల్ఫ్ జత. అదే ఆల్బమ్. ప్రతి స్నేర్ దెబ్బ విడిగా వినిపించింది. "ఏంటి మచ్చా, ఏం మార్చావ్?" అంటే, "ఏం లేదురా, పరుపులు తీసేదానికి బద్ధకం" అన్నాడు.

బావ స్పీకర్స్ లో తప్పేం లేదు. తప్పు రూం ది.

లెక్క చూద్దాం

రూం లో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో అంచనా వేసే ఫార్ములా హార్వర్డ్ ప్రొఫెసర్ వాలెస్ సబైన్ ఇచ్చాడు. 1890ల చివర్లో, మాటలు అర్థం కాని ఒక లెక్చర్ హాల్ ని సీట్ కుషన్స్ పేర్చి టెస్ట్ చేసి కనిపెట్టాడు. మా ఫ్రెండ్ పరుపుల గుట్ట లాంటిదే అనుకోండి.

మా హాల్ 14 × 12 అడుగులు, ఎత్తు 10. ఖాళీగా ఉంటే, గ్రానైట్, ప్లాస్టర్ గోడలు సగటున 3 శాతం శబ్దమే పీల్చుకుంటాయని వేసుకుంటే, 3 సెకన్లకు పైనే వచ్చింది. చిన్న రూం కి ఈ ఫార్ములా కచ్చితం కాదు, కానీ ఐడియా కి చాలు. పాట వినడానికి అర సెకను దగ్గర ఉంటే హాయి. ఫాస్ట్ డబుల్ బేస్ డ్రమ్ లో సెకనుకి పది దెబ్బల పైనే పడతాయి. 3 సెకన్ల రూం లో అవన్నీ కలిసి ముద్ద అవుతాయి.

బేస్ కథ వేరు. 14 అడుగుల దూరానికి రూం సహజంగా మోగే ఫ్రీక్వెన్సీ దాదాపు 40 హెర్ట్జ్. బేస్ గిటార్ లో అన్నిటికంటే కింది తీగ ఈ, 41.2 హెర్ట్జ్. అంటే రాక్ లో ఎక్కువగా వాడే నోట్ వచ్చిన ప్రతిసారీ మా హాల్ కూడా బ్యాండ్ లో చేరిపోతుంది.

యూట్యూబ్ లో అమెరికా రివ్యూలు చూసి కొనేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. అక్కడ చాలా ఇళ్ళ గోడలు చెక్క ఫ్రేమ్ మీద జిప్సం బోర్డ్. అవి కొంచెం ఊగి బేస్ ని తినేస్తాయి. మన ఇటుక గోడ, స్లాబ్ ఊగవు. వాళ్ళ దగ్గర టైట్ గా ఉన్న బేస్ మన దగ్గర గుమ్ గుమ్ అంటుంది.

మరి ఏం కొనాలి?

స్పీకర్ ముఖ్యం కాదు అనట్లేదు. ఇలాంటి రూం లో శబ్దాన్ని అన్ని వైపులా చల్లే స్పీకర్ వద్దు. ట్వీటర్ చుట్టూ హార్న్ గానీ వేవ్‌గైడ్ గానీ ఉండి, సౌండ్ ని మీ వైపే పంపేది చూడండి. హార్న్ వాటికి సాధారణంగా సెన్సిటివిటీ కూడా ఎక్కువ. 10 డీబీ తేడా ఉంటే అదే సౌండ్ కి పదో వంతు పవర్ చాలు.

"సాఫ్ట్‌వేర్ తో రూం కరెక్షన్ చేస్తే పోదా?" అంటారు. నేనూ సాఫ్ట్‌వేర్ వాడినే, అలాగే అనుకున్నా. ఈక్వలైజర్ బేస్ లో లేచిన చోట తగ్గించగలదు. గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చే శబ్దాన్ని మాత్రం ఆపలేదు. ఒక అంగుళం ఫోమ్ కూడా కొనకండి. అది హై ఫ్రీక్వెన్సీలే పీల్చి బేస్ మూలుగుని అలాగే వదిలేస్తుంది.

నేను చేసింది ఇది. 4 అంగుళాల రాక్‌వూల్ తో 2 × 4 అడుగుల ప్యానెల్స్ ఎనిమిది, మా వీధి కార్పెంటర్ తో ఫ్రేమ్ కట్టించా. పైన కాటన్ గుడ్డ. నోటితో ఊదితే గాలి దాటే గుడ్డే వాడాలి. లెక్క ప్రకారం ఈ ప్యానెల్స్ తోనే 3 సెకన్లు ఒక సెకను లోపుకి వస్తుంది. మందపాటి కర్టెన్లు, జంపఖానా, సోఫా కలిస్తే ఇంకా తగ్గుతుంది. మొత్తం 22 వేలు అయింది. స్పీకర్స్ వేవ్‌గైడ్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత, 70 వేలు. ఆర్ఈడబ్ల్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ తో కొలిచి, 40 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించా. ఆ ఈ తీగ మూలుగు పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు. కానీ ఇప్పుడు రెండు గంటలు విన్నా తలనొప్పి లేదు.

మిగిలిన లక్షన్నర పైచిలుకు లోన్ కి కట్టేశా. అమ్మకి ప్యానెల్స్ అసలు నచ్చలేదు, "గోడలకి ఆ పరుపులేందిరా" అంటుంది. కానీ హాల్ లో టీవీ సీరియల్ మాటలు ఇప్పుడు క్లియర్ గా వినిపిస్తున్నాయని పక్కింటి అత్తకి చెప్తుంటే విన్నా.

మీరు కూడా కార్డ్ తీసే ముందు హాల్ మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ మోత వెంటనే ఆగకపోతే, బడ్జెట్ లో మొదటి 20 వేలు స్పీకర్ కి కాదు, గోడలకి.