సాఫ్ట్‌వేర్ ఉచితం.. దింపుకోవడమే భారం

లినక్స్‌కు లైసెన్సు రుసుము లేదు. అయినా 2000 దశకంలో డయలప్‌పై ఆధారపడిన మండల కేంద్రాలకు అది ఉచితంగా అందలేదు. మోడెం వేగం కాగితంపై సెకనుకు 56 కిలోబిట్లు. పల్లె లైన్లలో నాలుగు కిలోబైట్లు దక్కితే అదే గొప్ప. ఆ లెక్కన వంద మెగాబైట్ల అప్‌డేట్‌కు ఏడు గంటలు, 700 మెగాబైట్ల సీడీకి రెండు పగళ్లు, రెండు రాత్రులు. అంతసేపూ ఫోను ఎంగేజే. వాన పడితే లైనులో గరగర, మళ్లీ డయలింగ్.

తెగిన చోటు నుంచే అందుకునే సదుపాయం లేకపోలేదు. డెబియన్, ఉబుంటులలోని ‘ఆప్ట్’ సగం దిగిన ఫైలును దాచి, మిగతాదే తెచ్చుకుంటుంది. చిక్కంతా వేరేచోట ఉంది. చిన్న లోపాన్ని సరిదిద్దినా మొత్తం ప్యాకేజీని తిరిగి దింపవలసిందే.

ఉబుంటు 2005 నుంచి 2011 వరకు తపాలాలో ఉచితంగా పంపిన సీడీలు ఈ వెలితిని కొంత పూడ్చాయి. అయితే సీడీ చేతికందేసరికే పాతబడేది. ఇన్‌స్టాల్ చేయడానికి సరిపోయింది గానీ, ఆ తర్వాత వెలువడే భద్రతా సవరణలకు అక్కరకు రాలేదు. ల్యాబులో ఇరవై యంత్రాలుంటే ఒకదానిలో దింపిన ప్యాకేజీలను మిగతా వాటికి కాపీ చేసుకోవచ్చు. పేద కళాశాలకు ఇంతకు మించిన ఉపాయం లేదు.

మారిన భాగాన్నే పంపే ‘డెల్టా’ విధానం ఫెడోరాలో 2009లో వచ్చింది. 2024లో ఫెడోరా 40తో దానిని విరమించారు. సెల్‌ఫోన్ డేటాతో నడిచే ఊళ్లలోని ఫెడోరా కంప్యూటర్లకు మళ్లీ పూర్తి ప్యాకేజీయే దిక్కు.