శ్రమ మనది, పేరెవరిది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీలు చుట్టే స్త్రీలు వేలల్లో ఉన్నారు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టేది వాళ్లే. కట్ట మీది లేబుల్ మాత్రం యజమానిది. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బ్రాండు ఎంత పెరిగినా అందులో వాళ్లకు వాటా లేదు.

ఇప్పుడు పొదుపు సంఘాల స్త్రీలు పచ్చళ్లు, పిండివంటలు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకోవాలంటున్నారు. ఫొటో ఎలా తీయాలో, ఏ పూట పోస్టు పెట్టాలో నేర్పుతున్నారు. మంచిదే. దళారిని దాటి కొనేవాళ్లను నేరుగా చేరే దారి ఇది. అయితే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతమే. పురుషుల్లో సగం దాటారు. భర్త నంబరుతో పేజీ, కొడుకు ఖాతాకు క్యూఆర్ కోడు పెడితే బీడీ కట్ట కథే మళ్లీ మొదలవుతుంది.

చదువురాని ఆడవాళ్లకు ఇవన్నీ ఎలా వస్తాయనేవాళ్లు జహీరాబాద్ వైపు చూడాలి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు కెమెరా పట్టారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో ప్రారంభించారు. తమ పంటల గురించి తామే చెప్పుకున్నారు.

కాబట్టి శిక్షణకు ముందే కొన్ని తేల్చుకుందాం. సిమ్ కార్డు, పాస్‌వర్డు, బ్యాంకు ఖాతా సంఘం అధీనంలో ఉండాలి. ట్రేడ్‌మార్కు సంఘం పేరనే నమోదు కావాలి. వండే శ్రమతోపాటు ఆర్డర్లు చూసే శ్రమకూ కూలి కట్టి ధరలో కలపాలి. అసభ్య సందేశాలు వస్తే ఏ ఒక్కరినీ ఒంటరిగా వదలకుండా సంఘమంతా నిలబడాలి. ఈ షరతులు లేకుండా బ్రాండు పెంచమంటే, ఎవరి కోసం అని మనం అడగాల్సిందే.