వెనక చక్రం కింద రాయి ఎందుకు?

హన్మకొండ గుట్టల పక్క వీధుల్లో ఆపి ఉన్న పాత కార్లను ఒకసారి గమనించండి. వెనక టైరు కింద రాయి పెట్టిన బండి ఒకటైనా కనిపిస్తుంది. కొందరు ఆ రాయిని డిక్కీలో వేసుకుని తిరుగుతారు. అదేదో జాగ్రత్త అనుకుంటాం. బ్రేకుల పనే బతుకుదెరువైన నాకు మాత్రం ఆ రాయిని చూస్తే భయమేస్తుంది. ఆ బండిలో హ్యాండ్ బ్రేకు లివర్ ఉంది తప్ప హ్యాండ్ బ్రేకు లేదని అర్థం.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వది, కారుకు దేనికది స్వతంత్రంగా పనిచేసే రెండు బ్రేకులు ఉండాలంటుంది. ఒకటి కాలితో తొక్కేది, రెండోది పార్కింగ్ బ్రేకు. పైపు పగిలి ఆయిల్ కారిపోయినా, సీలు తెగి పెడల్ నేలకు తగిలినా చేతి కింద ఇంకొక బ్రేకు మిగలాలని ఆ నిబంధన ఉద్దేశం. అందుకే దాన్ని బండి నిలబెట్టడానికి మాత్రమే అనుకోవద్దని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇప్పుడు పాత కార్ల మీద మోజు పెరిగింది. నాకూ ఇష్టమే. మారుతి 800 సంగతే చూడండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి. 796 సీసీ ఇంజన్, చివరి మోడళ్లలో 37 హార్స్‌పవర్, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఆ ఇంజన్‌కి ఆ బ్రేకులు చాలు. దాంట్లోకి కొందరు కుర్రాళ్లు మారుతి ఎస్టీమ్ కారు 1298 సీసీ ఇంజన్ దించుతున్నారు. ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) రకమైతే 85 హార్స్‌పవర్. అనుమతి లేకుండా ఇంజన్ మార్చడం చట్టవిరుద్ధం, ఆ పని నేను చేయను. కానీ వేరే చోట మార్పించుకున్న బండి కూడా మన రోడ్ల మీదే తిరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపేటప్పుడు బ్రేకుల్లో పుట్టే వేడి, అదే బండి 85 మీద ఉంటే రెట్టింపవుతుంది. హైదరాబాద్ రోడ్డు వెడల్పయ్యాక 85 అంటే ఎవరికీ వేగంలాగే అనిపించడం లేదు.

ఇంజన్ తర్వాత వాళ్ల కన్ను వెనక చక్రాల మీద పడుతుంది. "ఉస్తాద్, ఎనక గూడ డిస్కులు ఏద్దాం, లుక్కు వస్తది" అంటాడు పిల్లగాడు. మరి హ్యాండ్ బ్రేకు ఎట్ల రా అంటే, "గేర్ల ఏసి ఆపుత" అంటాడు.

డిస్కు మంచిదే. వేడిని తొందరగా వదిలేస్తుంది, నీళ్లలో తడిసినా త్వరగా తేరుకుంటుంది. కానీ డ్రమ్ములో ఒక గుణం ఉంది. చక్రం తిరిగే ఊపే ముందరి షూను లాగి డ్రమ్ముకు ఇంకా గట్టిగా నొక్కుతుంది. అందుకే చేత్తో లాగిన చిన్న కేబుల్ అంత బండినీ వాలు మీద ఆపగలుగుతుంది. డిస్కులో ఆ సాయం లేదు, ప్యాడ్‌ను ఎంత బలంగా నొక్కితే అంతే పట్టు. ఇంకొకటి, వేడెక్కిన డ్రమ్ము చల్లారేకొద్దీ కుంచించుకుని షూల మీద బిగుస్తుంది. వేడెక్కిన డిస్కు, ప్యాడ్లు చల్లారితే సన్నబడి పట్టు సడలుతుంది. దూరం నుంచి వచ్చి వాలు మీద ఆపి, ఇంట్లోకి వెళ్లి అన్నం తింటుండగా కారు కదిలిందంటే కారణం ఇదే కావచ్చు.

డిస్కు వేయాల్సిందే అంటే హ్యాండ్ బ్రేకుకు సరైన దారులు రెండు. డిస్కు మధ్యలోని గిన్నెలో చిన్న డ్రమ్ము ఉండే రకం ఒకటి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లోనే కేబుల్ లివరు, లోపల స్క్రూ ఉండే రకం రెండోది. స్క్రాపులో దొరికిన ముందు చక్రాల క్యాలిపర్‌ను తెచ్చి వెనక బిగిస్తే ఈ రెండూ ఉండవు. అప్పుడు రేసు బండ్లలో ఉండే నిలువు లివర్ పెడతారు, హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేకు అంటారు దాన్ని. అది కూడా అదే ఆయిల్ పైపు మీద పనిచేస్తుంది. పైపు పోతే రెండు బ్రేకులూ పోతాయి. పైగా సీలు దగ్గర ప్రెషర్ నెమ్మదిగా దిగిపోతే తెల్లారేసరికి బండి వదులైపోతుంది. అట్లాంటి కారొకటి రాత్రి దానంతటదే దిగి ఎదురింటి గేటును విరగ్గొడితే బాగు చేయడానికి నా దగ్గరికే తెచ్చారు. ఆ గేటు ముందు పగలంతా పిల్లలు ఆడుకుంటారట.

పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ సంగతి చాలామంది అడగనే అడగరు. క్యాలిపర్ పిస్టన్‌కు డ్రమ్ములోని వీల్ సిలిండర్ కంటే ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ తోయలేకపోతే పెడల్ లోతుకు పోతుంది. ఇక వెనక పట్టు మరీ ఎక్కువైతే ఇంకో ప్రమాదం. గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకు పోయి వెనక భాగం తేలికవుతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి గిర్రున తిరుగుతుంది, వాన రోడ్డు మీద చెప్పనే అక్కర్లేదు. వెనక లైన్లో ప్రెషర్ తగ్గించే వాల్వు లేకుండా పెద్ద బ్రేకు పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

అందుకే ఊళ్లో తిరిగే పాత బండికి నేను చెప్పేది డ్రమ్ములనే కొత్తగా చేయించుకోమని. డ్రమ్మును లేతు మీద కోయించాలి, అయితే దాని మీద అచ్చుపోసిన గరిష్ఠ కొలత దాటితే పారేయాలి. వీల్ సిలిండర్లు, షూలు, స్ప్రింగులు, రెండు పక్కల కేబుళ్లు కొత్తవి వేయాలి. తుప్పుతో బిగుసుకుపోయిన అడ్జస్టర్‌ను విప్పి గ్రీజు పెట్టాలి. మొదట షూలను సర్దాకే కేబుల్ నట్టు ముట్టుకోవాలి. షూలు అరిగిన బండికి నట్టు ఒక్కటే బిగించి పంపిస్తే లివర్ గట్టిపడుతుంది, యజమాని సంతోషపడతాడు, పట్టు మాత్రం రాదు. మా పనిలో ఎక్కువగా జరిగే మోసం ఇదే, దీన్ని మానాలని తోటి మెకానిక్కులను బతిమాలుతున్నాను. పాత లైనింగుల దుమ్మును గాలి పైపుతో ఊదడం కూడా మానండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చంటుంది. చెవులు పగిలే సైలెన్సర్లకు ఈ శిక్ష సరైనదే. కానీ బ్రేకు రకం ఆర్‌సీలో రాయరు. వెనక బ్రేకును పద్ధతిగా మెరుగుపరుచుకోవాలనుకున్నవాడు ఎవరిని అడగాలి? ఏ పరీక్షకు తీసుకెళ్లాలి? జవాబు దొరకక మంచివాడు వెనక్కి తగ్గుతాడు, లెక్కలేనివాడు స్క్రాపు క్యాలిపర్ బిగిస్తాడు. బ్రేకుల మార్పును విడిగా పరీక్షించి రాతపూర్వకంగా అనుమతించే దారి రవాణా శాఖ చూపాలి.

పదిహేనేళ్లు నిండిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది. 600 రూపాయలున్న ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు చేశారు. అంత కట్టించుకున్నప్పుడు చాసిస్ నంబరుతో, లైట్లతో సరిపెట్టకూడదు. ఒక్కో చక్రం పట్టును విడివిడిగా కొలిచే రోలర్ యంత్రాలు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో ఉంటాయి. ఆ స్టేషన్లు వచ్చేదాకా ప్రతి ఆర్టీఏ ఆవరణలో ఒక సిమెంటు వాలు కట్టించండి. బండి ఎక్కించి, న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ మీంచి కాలు తీసి, లివర్ ఒక్కటి లాగి చూడండి. జారితే రెన్యువల్ ఇవ్వకండి. తెలంగాణ వచ్చిన 2014తో వరంగల్‌కు ఏపీ 36 నంబర్లు ఆగిపోయాయి. ఆ నంబరుతో ఉన్న చిట్టచివరి కారు కూడా 2029లో పదిహేనేళ్లు దాటి రెన్యువల్‌కు వస్తుంది. ఆ వాలు అప్పటికల్లా కాదు, ఈ ఏడే కట్టాలి.